మీటగానే ఆరిపోయే స్వరం: అకూస్టిక్ గిటార్‌ను మలచిన చేతులు

నాదస్వరానికి ఊపిరి అందినంతసేపు స్వరం ఉంటుంది. వయొలిన్ మీద కమాను నడిచినంతసేపు నాదం సాగుతుంది. గిటార్‌కు ఆ సౌకర్యం లేదు. తీగను మీటిన క్షణమే స్వరం పూర్తి బలంతో పుడుతుంది, మరుక్షణం నుంచే ఆరిపోవడం మొదలవుతుంది. వాయించేవాళ్లు ఏం చేసినా దాన్ని మళ్లీ పెంచలేరు. ఎలక్ట్రిక్ గిటార్ అయితే యాంప్లిఫయర్ ఆ స్వరాన్ని పట్టుకుని సాగదీస్తుంది. అకూస్టిక్ గిటార్‌కు ఉన్నదల్లా ఒక పల్చటి చెక్కపలక, దాని వెనక కాస్త గాలి.

మరో రెండు లోపాలు కూడా ఉన్నాయి. ఒకటి, గొంతు చిన్నది. పక్కన డ్రమ్సో ట్రంపెట్టో మోగితే గిటార్ వినబడదు. రెండోది మెడ మీది మెట్లు. అవి కదలకుండా బిగించి ఉంటాయి కాబట్టి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం, స్వరాన్ని ఊపడం కష్టం. మన సంగీతంలో గమకం అని పిలుచుకునేదంతా ఆ మెట్ల మధ్య ఖాళీల్లోనే ఉంది.

అభిమాన గిటారిస్టుల గురించి మాట్లాడుకునేటప్పుడు చర్చ చాలాసార్లు వేగం దగ్గరే ఆగిపోతుంది. ఎవరు ఎంత వేగంగా వాయించారు, ఎంత కష్టమైన పీస్ ఎత్తుకున్నారు అనేదే కొలమానం అవుతుంది. వేగానికి విలువ లేదని కాదు. అది సాధనతో వస్తుంది, వినేవాళ్లను కట్టిపడేస్తుంది. కానీ తర్వాతి తరాల చేతులను మార్చింది వేగం కాదు. తమ శరీరానికి ఉన్న పరిమితులతోనే ఈ లోపాల్లో ఏదో ఒకదాన్ని ఎదుర్కొని, అంతకుముందు లేని జవాబు కనిపెట్టినవాళ్లే ఆ పని చేశారు. వాళ్లను వింటే గిటార్ నేర్చుకోవాలనే కోరిక ఎందుకు పుడుతుందో కూడా అక్కడే తెలుస్తుంది.

ముందు వాయిద్యం గురించి ఒక మాట. స్పెయిన్‌లో 19వ శతాబ్దంలో ఆంటోనియో దె తోర్రెస్ అనే గిటార్ తయారీదారు ఉండేవారు. ఈనాటి క్లాసికల్ గిటార్ ఆకారం చాలావరకు ఆయన తీర్చిదిద్దిందే. 1862లో ఆయన ఒక వింత గిటార్ చేశారు. పక్కలు, వీపు అట్టతో చేసి, పైపలక మాత్రం మంచి చెక్కతో పెట్టారు. గిటార్ గొంతు ఎక్కడుందో చూపించడానికే ఆ ప్రయోగం. స్వరం పుట్టేది ప్రధానంగా ఆ పైపలకలోనే. స్టీలు తీగల గిటార్‌లో ఆ పలక మందం సుమారు 3 మిల్లీమీటర్లు. ఆరు తీగలు కలిసి గిటార్‌ను సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. పలక మందం పెంచితే గొంతు పూడుకుపోతుంది, తగ్గిస్తే పలక కుంగిపోతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న సన్నటి దారిలోనే అకూస్టిక్ గిటార్ చరిత్రంతా నడిచింది.

జాంగో రైన్‌హార్ట్ 1910లో బెల్జియంలో, ఊరూరా బండ్ల మీద తిరిగే రోమా కుటుంబంలో పుట్టారు. పెరిగింది పారిస్ శివార్లలో. పన్నెండు, పదమూడేళ్లకే డాన్స్ హాళ్లలో బాంజో వాయించి డబ్బు సంపాదించేవారు. 1928లో, 18 ఏళ్ల వయసులో, ఒక రాత్రి ఆయన కాపురముండే బండికి నిప్పంటుకుంది. భార్య అమ్మకానికి చేసిన సెల్యులాయిడ్ పూలకు కొవ్వొత్తి తగిలి మంటలు లేచాయని చెబుతారు. కాలు తీసేయాలని డాక్టర్లు అన్నారు, ఆయన ఒప్పుకోలేదు. ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రం కాలి ముడుచుకుపోయాయి. తీగలు నొక్కే చేయి అదే. ఏడాదికి పైగా మంచం మీద ఉన్న ఆ కుర్రాడికి తమ్ముడు జోసెఫ్ ఒక గిటార్ తెచ్చిచ్చాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని చాలామంది పట్టుదల కథగా చెప్పి ముగిస్తారు. అసలు విషయం చేతిలో ఉంది. మామూలుగా గిటారిస్టు చేతిని ఒకచోట నిలిపి, నాలుగు వేళ్లతో నాలుగు మెట్లు పరుచుకుని, ఒక తీగ నుంచి పక్క తీగకు అడ్డంగా కదులుతూ స్వరాలు అల్లుతాడు. జాంగోకు చూపుడు వేలు, మధ్య వేలు మాత్రమే స్వేచ్ఛగా కదిలేవి. కాబట్టి అడ్డంగా కాకుండా, మెడ పొడవునా కింది నుంచి పైకి పరిగెత్తాల్సి వచ్చింది. ఆయన స్వరాల వరస ఎప్పుడూ ఎక్కడికో దూసుకుపోతున్నట్టు వినిపించడానికి ఒక కారణం ఇదే. చేయి నిజంగానే దూసుకుపోతోంది. ముడుచుకుపోయిన వేళ్లను కూడా ఆయన వదిలేయలేదు. కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, పట్టేటప్పుడు పైతీగల మీద వాటిని కొక్కేల్లా వాడుకున్నారు. ఆ చేతికి అందేవి చిన్న చిన్న కార్డులే. తర్వాత జాజ్ గిటారిస్టులు పనిగట్టుకుని నేర్చుకున్న ఆకారాలు కొన్ని అలా వచ్చినవే.

ఆరిపోయే స్వరాన్ని నిలబెట్టడానికి ఆయన దగ్గర ఇంకో ఉపాయం ఉండేది. స్వరం నొక్కిన వేలిని గట్టిగా ఊపుతూ, ఆ వణుకుతో స్వరానికి ఇంకాస్త ప్రాణం ఉన్నట్టు అనిపించేలా చేసేవారు. పాడేవాళ్లు చివరి అక్షరాన్ని ఊపినట్టే ఉంటుంది.

1934లో పారిస్‌లో వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లీతో కలిసి ఆయన కట్టిన బృందంలో డ్రమ్స్ లేవు. ఒక వయొలిన్, మూడు గిటార్లు, ఒక డబుల్ బాస్, అంతే. మరి లయ ఎవరు చూసుకోవాలి? మిగతా రెండు గిటార్లు. కార్డు మీటిన వెంటనే ఎడమచేతి పట్టు సడలిస్తే స్వరం చప్పున తెగిపోతుంది. అలా మీటడం, తెంపడం, మీటడం, తెంపడం. గిటార్ స్వరం తొందరగా ఆరిపోతుందన్న ఫిర్యాదును వాళ్లు తిరగేశారు. దాన్ని ఇంకా ముందే చంపేసి డ్రమ్స్‌గా మార్చుకున్నారు. ఫ్రెంచివాళ్లు ఈ లయను పంపు కొట్టడంతో పోల్చి 'పోంప్' అంటారు. ఈ రోజుకూ ఆ సంప్రదాయంలో పిల్లలకు సోలో కంటే ముందు ఇదే నేర్పుతారు.

యుద్ధకాలంలో నాజీలు రోమా ప్రజలను లక్షల్లో చంపారు. వాళ్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లోనే జాంగో వాయిస్తూ బతికారు. 1953లో, 43 ఏళ్లకే పోయారు. ఆయన ప్రభావం ఊహించని చోట్లకు కూడా వెళ్లింది. బర్మింగ్‌హామ్‌లో ఒక రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ వేళ్ల కొనలు పోగొట్టుకున్న టోనీ అయోమీ ఇక గిటార్ మానేద్దామనుకున్నప్పుడు, ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజరే జాంగో రికార్డు తెచ్చి వినిపించాడు. ఆ కుర్రాడు తర్వాత, హెవీ మెటల్ అనే బిగ్గరైన రాక్ సంగీతానికి దారి వేసిన బ్లాక్ సబ్బాత్ బృందంలో గిటారిస్టయ్యాడు. హెవీ మెటల్ మూలాల్లో ఒక అకూస్టిక్ జాజ్ రికార్డు ఉందన్నమాట.

జాంగో చేతిని ప్రమాదం మార్చింది. ఎలిజబెత్ కాటన్ చేతిని మార్చింది మాత్రం పేదరికం, నేర్పేవాళ్లు లేకపోవడం. ఆమె 1893లో అమెరికాలోని నార్త్ కరోలైనాలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే ఇళ్లలో పనికి కుదిరి, దాచుకున్న డబ్బుతో 3 డాలర్ల 75 సెంట్లు పెట్టి గిటార్ కొనుక్కున్నారు. ఆమెది ఎడమచేతి వాటం. తీగలు మార్చి కట్టడం ఎవరూ చెప్పలేదు. గిటార్‌నే తిరగేసి పట్టుకున్నారు. దాంతో మందపు తీగలు కిందికి, సన్నటివి పైకి వచ్చాయి.

ఈ తిరగేయడం వల్ల ఏం జరిగిందో చూడాలి. మామూలుగా బొటనవేలు మందపు తీగల మీద తాళంలా నడుస్తుంటే, మిగతా వేళ్లు సన్నటి తీగల మీద పాట పలుకుతాయి. కాటన్ గారి చేతిలో పనులు తారుమారయ్యాయి. చూపుడు వేలు బాస్ నడిపింది, బొటనవేలు పాట పలికింది. బొటనవేలు మెత్తన, కండ ఎక్కువ. అందుకే ఆమె పలికించే పాట గుండ్రంగా, ఎక్కడా గీసుకోకుండా వినిపిస్తుంది. బాస్ తేలికగా నడుస్తుంది. సరిగ్గా పట్టుకున్న గిటార్ మీద ఆ పాట స్వరాలన్నీ తప్పు లేకుండా వాయించినా ఆ గొంతు రాదు. ఈ పద్ధతికి ఆమె పేరే పెట్టారు.

రైలు పట్టాల పక్క ఇంట్లో పెరుగుతూ, పదకొండు, పన్నెండేళ్ల వయసులో గూడ్స్ బండి మీద ఆమె కట్టుకున్న పాట ఈ రోజు ప్రపంచమంతటా ఫింగర్‌స్టైల్ (తీగలను వేళ్లతోనే మీటే పద్ధతి) నేర్చుకునేవాళ్లు ముందుగా ఎత్తుకునే పాటల్లో ఒకటి. కానీ ఆమె తన గిటార్‌ను దాదాపు నలభై ఏళ్లు ముట్టుకోలేదు. లౌకికమైన పాటలు మానమని చర్చిలో చెప్పారు, పెళ్లయింది, బిడ్డ పుట్టింది, ఇళ్లలో పని సరేసరి. వాషింగ్టన్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పనిచేస్తుండగా తప్పిపోయిన ఒక పాపను తల్లి దగ్గరకు చేర్చారు. ఆ పాప పెగ్గీ సీగర్. తండ్రి చార్లెస్ సీగర్ సంగీత శాస్త్రజ్ఞుడు, తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్ స్వరకర్త. ఆ ఇంట్లోనే కాటన్‌కు పని దొరికింది. గోడకు తగిలించి ఉన్న గిటార్‌ను తీసి ఒకరోజు వాయించేసరికి ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోయారు. పెగ్గీ అన్న మైక్ సీగర్ రికార్డు చేస్తే 1958లో ఆమె మొదటి ఆల్బమ్ వచ్చింది. అప్పటికి ఆమెకు 65 ఏళ్లు.

అంతకుముందు ఏడాది ఆమె గూడ్స్ బండి పాట ఇంగ్లండ్‌లో హిట్టయింది, వేరేవాళ్ల పేర్ల మీద. ఆ పాట మీద హక్కు కోసం ఆమె పోరాడాల్సి వచ్చింది. 1985లో, 92 ఏళ్ల వయసులో గ్రామీ అందుకుని, 1987లో కన్నుమూశారు. ఈ జీవితం గురించి ఒకటి స్పష్టంగా చెప్పుకోవాలి. నలభై ఏళ్లు వాయించకపోవడంలో ఆదర్శమేమీ లేదు. అది నష్టం, ఆమెకూ సంగీతానికీ కూడా. ఆశ్చర్యమల్లా, ఆ చేతులు అన్నేళ్ల తర్వాత కూడా తమ సొంత పద్ధతిని మరిచిపోకపోవడం.

బొటనవేలి కథ ఇంకో దారిలో కూడా నడిచింది. బుర్రకథ చూసినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. కథకుడు ఒక చేత్తో తంబురా మీటుతూ, రెండో చేతి అందెలతో తాళం వేస్తూ, నోటితో కథ నడుపుతాడు. గిటార్‌లో ఈ పనులన్నీ ఒకే కుడిచేయి చూసుకోవాలి. కెంటకీ బొగ్గుగనుల ప్రాంతంలో ఈ పద్ధతి బాగా పండింది. ఆర్నల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి వాయిద్యకారుడి నుంచి చుట్టుపక్కల గనుల ఊళ్ల గిటారిస్టులకు పాకింది. వాళ్ల నుంచి మెర్ల్ ట్రావిస్‌కు వచ్చింది. ట్రావిస్ వాడింది బొటనవేలు, చూపుడు వేలు, ఈ రెండే.

చెట్ అట్కిన్స్ అనే కుర్రాడు రేడియోలో ట్రావిస్‌ను విన్నాడు. రేడియోలో చేయి కనబడదు కదా. రెండు వేళ్లతో ఇంత సంగీతం వస్తుందని ఊహించలేక, బొటనవేలికి తోడు ఇంకో రెండు, మూడు వేళ్లు వాడి తనకు వినబడినదాన్ని పట్టుకున్నాడు. పొరపాటుగా అర్థం చేసుకున్నందువల్ల ట్రావిస్ కంటే వేరైన, మరింత విశాలమైన శైలి పుట్టింది. మళ్లీ కొన్నేళ్లకు ఆస్ట్రేలియాలో టామీ ఇమ్మాన్యుయెల్ అనే పిల్లవాడు రేడియోలో అట్కిన్స్‌ను విని అదే దారి పట్టాడు. అట్కిన్స్‌కు ఉత్తరం రాస్తే జవాబు కూడా వచ్చింది. 1999లో అట్కిన్స్ తన చేతుల మీదుగా ఇమ్మాన్యుయెల్‌కు 'సర్టిఫైడ్ గిటార్ ప్లేయర్' అనే బిరుదు ఇచ్చారు. ఆయన దాన్ని ఇచ్చింది వేళ్ల మీద లెక్కపెట్టేంతమందికే. ఇమ్మాన్యుయెల్ ఈ రోజు ఒక్క గిటార్ మీద బాస్, కార్డులు, పాట ఒకేసారి వినిపిస్తూ, మధ్యలో పలకను తట్టి డ్రమ్స్ కూడా పలికిస్తారు. ఆయనకు నొటేషన్ చదవడం రాదు. చెవితోనే నేర్చుకున్నారు.

డాక్ వాట్సన్‌కు చూపు లేదు. 1923లో నార్త్ కరోలైనా కొండల్లో, డీప్ గ్యాప్ అనే పల్లె దగ్గర పుట్టిన ఆయనకు పసితనంలోనే ఇన్‌ఫెక్షన్ వల్ల చూపు పోయింది. పిల్లవాణ్ని ఇంట్లో కూర్చోబెట్టకుండా, 14 ఏళ్ల వయసులో తండ్రి రంపం రెండో కొసన నిలబెట్టి దుంగలు కోయించారు. తన మీద తనకు నమ్మకం కలిగించింది ఆ పనేనని వాట్సన్ తర్వాత చెప్పుకున్నారు.

1950లలో ఆయన ఒక డాన్స్ బ్యాండ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారు. ఆ బ్యాండ్‌లో ఫిడేలు లేదు, జనమేమో ఫిడేలు పాటలకే అడుగులు వేస్తారు. దాంతో ఆ పాటలను ఆయన గిటార్ మీద ఎత్తుకోవాల్సి వచ్చింది. ఫిడేలు కమాను స్వరాన్ని లాగుతుంది, గిటార్ లాగలేదు. అందుకని ఆయన ఖాళీ అన్నదే లేకుండా పిక్‌ను (తీగలు మీటే చిన్న బిళ్లను) కిందికి, పైకి, కిందికి, పైకి క్రమం తప్పకుండా నడిపి, ఒక స్వరం ఆరేలోపు ఇంకోదాన్ని మోగించారు. 1960లో జానపద సంగీత పరిశోధకుడు రాల్ఫ్ రింజ్లర్ ఆయనను కలిసి, అకూస్టిక్ గిటార్ వైపు తిప్పారు. అంతవరకు ఆ ప్రాంతపు సంగీతంలో గిటార్ ఎక్కువగా వెనక నిలబడి తోడు వాయించేదే. వాట్సన్ తర్వాత ముందుకొచ్చి నిలబడింది. అంత వేగంలోనూ ఆయన వాయిద్యంలో ఒక్క స్వరం కూడా తొక్కుకుపోదు. ప్రతిదీ ఉతికి ఆరేసినట్టు శుభ్రంగా ఉంటుంది. వేగం గురించి మాట్లాడాల్సి వస్తే ఆయన దగ్గరే మాట్లాడాలి, ఎందుకంటే అక్కడ వేగానికి ఒక పని ఉంది.

ఆరిపోయే స్వరానికి ఇంకో జవాబు చేతిలో లేదు, శృతిలో ఉంది. తీగను వేలితో నొక్కి మీటితే వేలు ఎత్తగానే స్వరం పోతుంది. నొక్కకుండా వదిలిన తీగ దానంతటదే మోగుతుంటుంది. మరి ఎక్కువ తీగలు అలా వదిలేసి మోగేలా శృతినే మార్చుకుంటే? 1960ల మొదట్లో ఇంగ్లండ్ గిటారిస్టు డేవీ గ్రాహం మొరాకో వెళ్లి అక్కడి ఊద్ అనే తీగల వాయిద్యం వాయించేవాళ్లతో కలిసి వాయిస్తూ, వాళ్ల సంగీతానికి అందేలా గిటార్‌ను డి-ఏ-డి-జి-ఏ-డి అని శృతి చేశారు. దీన్ని మన స్వరాల్లో చెప్పుకుంటే స-ప-స-మ-ప-స. అంటే తంబురా! ఆధార షడ్జం, పంచమం ఎప్పుడూ మోగుతుంటే పైన పాట తిరుగుతుంది. ఐరిష్, స్కాటిష్ పాటలు వాయించే గిటారిస్టులు తర్వాత ఈ శృతిని దాదాపు సొంతం చేసుకున్నారు.

కెనడా గాయని జోనీ మిచెల్‌కు తొమ్మిదేళ్ల వయసులో పోలియో వచ్చింది. ఎడమచేతిలో బలం తగ్గింది. మామూలు శృతిలో కష్టమైన కార్డులు పట్టడానికి ఆ చేయి సహకరించలేదు. కాబట్టి కష్టాన్ని చేతి మీద నుంచి తీసి శృతి మీద పెట్టారు. చేయి సులభమైన ఆకారాలే పడుతుంది, శృతి మాత్రం వింతగా ఉంటుంది. ఆమె వాడిన శృతులు 50కి పైనే. వాటి నుంచి వచ్చిన కార్డులు సంతోషమూ కాదు, దుఃఖమూ కాదు, ఏదో అడుగుతూ ఆగిపోయినట్టు ఉంటాయి. 2015లో మెదడులో రక్తనాళం సమస్యతో పడిపోయాక, తన పాత వీడియోలు చూసి వేళ్లు ఎక్కడ పెట్టాలో మళ్లీ నేర్చుకున్నారు. 2022 జూలైలో, 78 ఏళ్ల వయసులో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ వేదిక మీద గిటార్ పట్టారు. ఆ రోజు చేతిలో ఉన్నది ఎలక్ట్రిక్ గిటారే అయినా, వేళ్లు వెతుక్కున్నది తమ పాత దారులనే.

ఇప్పటిదాకా చెప్పుకున్నవాళ్లలో ఎక్కువమంది స్వరాన్ని నిలబెట్టడానికి ప్రయత్నించారు. దక్షిణ స్పెయిన్ పాట, నాట్య సంప్రదాయమైన ఫ్లమెంకోలో గిటార్ నిలబెట్టాలనే అనుకోదు. దాన్ని తేలికైన సైప్రస్ చెక్కతో, తీగలు మెడకు బాగా దగ్గరగా ఉండేలా చేస్తారు. మీటితే స్వరం పెళుసుగా పుట్టి వెంటనే తెగిపోతుంది. కావాలనే అలా చేస్తారు, ఎందుకంటే అది పాటకు, పాదాలకు, చప్పట్లకు తోడుగా పెరిగిన వాయిద్యం. స్వరం సాగిపోతే లయ మసకబారుతుంది.

పాకో దె లూసియా 1947లో దక్షిణ స్పెయిన్ రేవు పట్టణం ఆల్హెసిరాస్‌లో పుట్టారు. అసలు పేరు ఫ్రాన్సిస్కో సాంచెస్ గోమెస్. వీధిలో పాకోలు చాలామంది ఉంటే, తల్లి పేరు కలిపి 'లూసియా గారి పాకో' అని పిలిచేవారు. అదే పేరు మిగిలిపోయింది. తండ్రి పగలు సంపాదన చాలక రాత్రిళ్లు గిటార్ వాయించేవారు. కొడుకును బడి మాన్పించి గంటల తరబడి సాధన చేయించారు. ఈ కఠినత్వాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు కానీ, పిల్లలకు అలా చేయడం మంచి పద్ధతి కాదు. పాకో దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది.

ఫ్లమెంకోలో బులేరియా అనే రకం ఉంది. 12 మాత్రల ఆవర్తనం, కానీ దెబ్బలు సమానంగా పడవు. మూడు, మూడు, రెండు, రెండు, రెండు. మిశ్రచాపు, ఖండచాపు అలవాటైన చెవికి ఇది కొత్తేం కాదు. చుట్టూ కూర్చున్నవాళ్లు చప్పట్లతో ఆ లెక్క నిలబెడుతుంటే, పాకో ఆ దెబ్బలకు ముందో వెనకో దూకి, తప్పిపోయాడేమో అనిపించిన చోట సరిగ్గా కలుస్తారు. కచేరీల్లో మృదంగం తనియావర్తనం ముగింపుకు వచ్చేటప్పుడు సభలో పుట్టే టెన్షన్ ఎలాంటిదో, ఇక్కడా అదే. కుడిచేతి వేళ్లు ఒకదాని వెంట ఒకటి విసనకర్రలా విచ్చుకుని తీగల మీద పడతాయి. గోరు పలకను తడుతుంది. బొటనవేలు ఒక్కటే కిందికి పైకి ఆడుతూ పాటను తవ్వి తీస్తుంది. స్వరం ఆరిపోయిందని బాధపడే తీరిక ఉండదు.

1977లో పెరూ వెళ్లినప్పుడు అక్కడి నల్లజాతి ప్రజల 'కహోన్' చూశారు. చెక్కపెట్టె మీద కూర్చుని దాన్నే చేతులతో వాయిస్తారు. పాకో దాన్ని ఇంటికి తెచ్చారు. ఫ్లమెంకోకు పుట్టుకతోనే ఉందేమో అనిపించేలా అది ఇప్పుడు స్పెయిన్‌లో కలిసిపోయింది. 1980 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ మెక్‌లాఫ్లిన్, అల్ డి మియోలా అనే గిటారిస్టులతో కలిసి మూడు అకూస్టిక్ గిటార్లతో చేసిన కచేరీ రికార్డు ప్రపంచమంతా తిరిగింది. అప్పటికి ఫ్లమెంకోలో ఆయనను మించినవారు లేరు. అయినా తనకు తెలియని జాజ్ భాషలోకి వెళ్లి, పక్కవాళ్లను వింటూ తడుముకుంటూ నేర్చుకున్నారు. 1991లో స్వరకర్త హొవాకిన్ రోద్రిగో గిటార్ కోసం రాసిన కన్‌చెర్తోను ఆర్కెస్ట్రాతో వాయించడానికి, అప్పటివరకు అవసరం పడని నొటేషన్‌తో కుస్తీ పట్టారు. శిఖరం మీద ఉన్న మనిషి కిందికి దిగి మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టడం ఆయన జీవితంలో పదేపదే కనిపిస్తుంది. 2014లో మెక్సికోలో 66 ఏళ్ల వయసులో ఆయన గుండె ఆగింది.

ఇక మిగిలింది మెట్ల సమస్య. మన చెవికి అన్నిటికంటే దగ్గరిది ఇదే. జాన్ మెక్‌లాఫ్లిన్ 1970ల మొదట్లో అప్పటి అతి బిగ్గరైన ఎలక్ట్రిక్ బ్యాండుల్లో ఒకదాన్ని నడిపిన ఇంగ్లండ్ గిటారిస్టు. అదే రోజుల్లో అమెరికాలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నారు. వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి, కింద ఖాళీ ఉంటుంది. అందుకే ఒక మెట్టు మీదే తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికించవచ్చు. గిటార్ మెట్ల మధ్య చెక్క అడ్డుపడుతుంది. మెక్‌లాఫ్లిన్ ఆ చెక్కను తవ్వించేశారు. ప్రతి రెండు మెట్ల మధ్య చిన్న గుంట ఉండేలా మెడ తయారైంది. గిటార్ ముందుభాగంలో ఏటవాలుగా ఇంకో 7 తీగలు కట్టించారు. మీటిన స్వరం ఆరిపోతున్నా అవి ఆ కంపనానికి వాటంతటవే మోగుతూ దాన్ని పట్టి ఉంచుతాయి. ఆ గిటార్‌తో 1975లో ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరాం ఘటంతో 'శక్తి' బృందం కచేరీలు మొదలయ్యాయి. బిగ్గరైన సంగీతంతో పేరొచ్చాక దాన్ని పక్కనబెట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని చిన్న గొంతు వాయిద్యం పట్టుకోవడం సులభమైన నిర్ణయం కాదు. కొత్త పాటల కోసం పాత గిటార్ మీద ఇంకాస్త సాధన చేస్తే చాలనుకోకుండా, వాయిద్యాన్నే కోసి మార్చడం అంతకంటే పెద్ద అడుగు.

హిందుస్తానీ సంగీతంలో ఇదే సమస్యకు వేరే జవాబు దొరికింది. మెట్లను పట్టించుకోకుండా, గిటార్‌ను ఒడిలో పడుకోబెట్టి తీగల మీద ఉక్కు కడ్డీ జార్చడం. ఈ పద్ధతి హవాయి నుంచి వచ్చింది. దాన్ని రాగానికి అలవాటు చేసిన తొలితరం విద్వాంసుల్లో జోధ్‌పూర్‌కు చెందిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా ముఖ్యులు. విశ్వమోహన్ భట్ గిటార్‌కు మరిన్ని తంతులు చేర్చి మోహన వీణగా మలిచారు. 1994లో అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి ఆయన గ్రామీ అందుకున్న ఆల్బమ్‌లో, అంతకుముందు పరిచయమే లేని ఇద్దరు ఒకరినొకరు వింటూ వాయించుకుంటున్న తీరు స్పష్టంగా తెలుస్తుంది.

శక్తి 1990ల చివర్లో 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్లీ మొదలైనప్పుడు, కొద్దికాలానికే అందులోకి ఒక తెలుగు చేయి వచ్చింది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. మాండొలిన్ గిటార్ కంటే మొండి వాయిద్యం. మెడ పొట్టి, మెట్లు ఇరుకు, జంట తీగలు, స్వరం ఇంకా తొందరగా ఆరిపోతుంది. శ్రీనివాస్ దాన్ని ఎలక్ట్రిక్ చేసి, జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన కీర్తన పాడేవారు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడు ఆ గమకాలు మెట్ల మధ్య ఎక్కడ దొరుకుతాయో తనకు తానే వెతుక్కునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు ఎవరూ లేరు. చెవిలో గురువు గొంతు మాత్రం ఉంది. ఏళ్ల తర్వాత వేదిక మీద మెక్‌లాఫ్లిన్ ఒక వరస వాయించి ఆపితే, పక్కన కూర్చున్న శ్రీనివాస్ దాన్ని అందుకుని, చివరి స్వరాన్ని కాస్త ఊపి, చిరునవ్వుతో తిరిగి ఆయనకే అప్పగించేవారు.